అలుగు మీద రెండు పలకలు

సరస్సు ఒడ్డు,
మే 11.

పిచ్చుకకు,

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే ఇప్పుడు నేనూ, సరంగూ, ఎనిమిది పడవలూను. మీ అన్నయ్య పోయి ఏడాది దాటింది. ఈసారి సరస్సు మూసేద్దామనే అనుకున్నాను. కానీ మార్చి నుంచి జనం అడుగుతూనే ఉన్నారు, పడవలు తిరుగుతాయా, ఒడ్డు గదులు దొరుకుతాయా అని. ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చోవడం కన్నా నయమని తెరిచాను. పడవలన్నిటికీ సరంగు రంగులు వేశాడు. బాతు ఆకారం పడవలంటే అతనికి ఒళ్ళు మంట. "ముప్ఫై ఏళ్ళు పడవ నడిపి చివరికి బాతుల కాపరినయ్యానమ్మగారూ" అంటాడు. అయినా వాటి ముక్కులకే ఎక్కువ శ్రద్ధగా రంగు వేశాడు.

ఒక సంగతి అడుగుదామని రాస్తున్నాను. కట్టకు అవతలి వైపు, అడుగున, దుప్పటి పరిచినంత మేర గడ్డి పచ్చగా ఉంది. చుట్టూ అంతా ఎండిపోయింది. నిన్న చెప్పులు విప్పి నడిచి చూశాను. కాలికి చల్లగా తగిలింది, మడమ దిగబడింది. సరంగుని అడిగితే, "ఊట అమ్మగారూ. మట్టికట్ట అన్నాక చెమట పట్టదా" అన్నాడు. నువ్వు ఆనకట్టల ఆఫీసులో ఇంజనీరువి, ఇలాంటివి చాలా చూసి ఉంటావు. నిజంగా చెమటేనా?

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఈ లోయలో రెండు మాటలు వినబడితే మూడోది గాలికి పోతుంది. పైగా ఫోన్లో మనిద్దరం మీ అన్నయ్య దగ్గరకొచ్చి ఆగిపోతాం. కాగితం మీదైతే ముందుకు జరుగుతాం.

వదిన


ఆఫీసు, మూడో అంతస్తు,
మే 16.

వదినా,

బాతుల కాపరి మాట చదివి పైకే నవ్వేశాను. పక్క బల్ల ఆవిడ తలెత్తి చూసింది. సరంగుని అడిగానని చెప్పు.

అతనన్న చెమట మాట తప్పేం కాదు. మట్టికట్ట ఎంతో కొంత కారుతుంది. ఎంత కారుతోంది, ఏ రంగులో కారుతోంది అన్నదే చూసుకోవాలి. ఆ పచ్చగడ్డి దగ్గర జానెడు కాలవ తీయించు. నీళ్ళు ఒకచోటికి చేరతాయి. అక్కడ బకెట్ పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండుతుందో గడియారం చూసి రాసుకో. ఒక గాజు గ్లాసులో ఆ నీళ్ళు పట్టి కదపకుండా పొద్దుటిదాకా ఉంచు. అడుగున మట్టి పేరుకోకపోతే మంచిదే. పేరుకుంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. తూము తలుపు తిరుగుతోందా అన్నది కూడా చూడు. సరస్సు ఖాళీ చెయ్యాల్సి వస్తే మనకున్న దారి అదొక్కటే. కట్ట మీద చెట్లేమైనా ఉన్నాయా? కట్ట కింద ఇప్పుడు ఎవరైనా ఉంటున్నారా?

కంగారు పడకు. మూడేళ్ళ కిందట తనిఖీ జరిగింది. ఆ పత్రం అన్నయ్య ఇనుప బీరువాలో ఉండాలి. కట్ట బాగుందనే రాసి ఉంటుంది అందులో.

నీ
పిచ్చుక


సరస్సు ఒడ్డు,
మే 27.

పిచ్చుకకు,

నువ్వు చెప్పినవన్నీ బుద్ధిగా చేశాను. బకెట్ పదకొండు నిమిషాలకు నిండింది. గ్లాసును వంటింటి కిటికీలో పెట్టాను. పొద్దున చూస్తే తేటగా ఉంది, తాగొచ్చు అన్నట్టుగా.

తూము దగ్గర మాత్రం నవ్వులపాలయ్యాం. ఆ చక్రాన్ని ఎవరూ ముట్టుకున్న గుర్తు లేదు. సరంగు నూనె పోశాడు, సుత్తితో కొట్టాడు, చివరికి ఇనుప గొట్టం దూర్చి దాని మీద వేలాడాడు. పిడి విరిగి చేతికొచ్చింది, మోకాలు చెక్కుకుపోయింది. "తలుపు లోపలే సంసారం పెట్టేసిందమ్మగారూ, ఇక బయటికి రాదు" అన్నాడు.

చెట్లా? నీకు తెలియకపోవడమేమిటి? వచ్చినవాళ్ళకు నీడ ఉండాలని మీ అన్నయ్య కట్ట పొడవునా పన్నెండు నాటించాడుగా. ఒక్కోటీ తాటిచెట్టంత ఎత్తయింది. రెండు ఎండిపోతే పోయినేడు కొట్టించి, ఆ మొద్దుల పక్కన బెంచీలు వేయించాను. కింద కూడా, మీ అన్నయ్య ఇది కొన్ననాటి బీడు కాదిప్పుడు. ఆరిళ్ళు లేచాయి. ఆ స్థలాలు అమ్మింది మీ అన్నయ్యే, సరస్సు మీది గాలి వస్తుందని చెప్పి. వాటి పక్కనే మొక్కల నర్సరీ ఉంది, భార్యాభర్తలు నడుపుతున్నారు. ఆవిడ మొన్న ఎదురుపడి, "మండువేసవిలో కూడా మా బావి నిండుగా ఉందండీ, ఈ ఏడు అదృష్టం" అని మురిసిపోయింది.

పత్రం దొరికింది. "కట్టపై వృక్షములు లేవు. తూము తలుపు సక్రమముగా పనిచేయుచున్నది. దిగువన నివాసములు లేవు." ఎవరో కళ్ళు మూసుకుని రాసినట్టుంది. కింద సంతకం గీతలు గీతలుగా ఉంది. ఎవరిదో పోల్చుకోలేకపోయాను.

వదిన


ఆఫీసు,
జూన్ 2.

వదినా,

ఈసారి ముచ్చట్లు లేవు. నీళ్ళు దించాలి, కనీసం ఆరడుగులు. తూము తిరగదు కాబట్టి కట్ట మీదుగా గొట్టాలు వేసి లాగించాలి. పంపులు అద్దెకిచ్చేవాళ్ళు టౌన్లో ఉంటారు. ఒక్కసారిగా కాదు, రోజుకో అడుగు చొప్పున. చెట్ల జోలికి ఇప్పుడు వెళ్ళొద్దు. నిలబడి ఉన్న పదింటి కన్నా నువ్వు కొట్టించిన రెండే నన్ను భయపెడుతున్నాయి. మొద్దు చచ్చాక వేళ్ళు లోపలే కుళ్ళిపోతాయి. అవి ఉన్న చోటు ఖాళీ అవుతుంది. ముందు వేలు లావు దారి, తర్వాత చెయ్యి లావు దారి. నీళ్ళకు అంతకన్నా ఏం కావాలి? పైకి ఏమీ కనబడదు. గడ్డి అలాగే ఉంటుంది. బెంచీ మీద జనం అలాగే కూర్చుంటారు.

నర్సరీ ఆవిడ బావి నిండింది అదృష్టం వల్ల కాదు. ఆవిడకు చెప్పు. ఆరిళ్ళ వాళ్ళకూ చెప్పు. భయపెట్టమనడం లేదు, వానలు మొదలైతే ఎత్తు మీదికి వెళ్ళే దారేదో అందరికీ తెలిసి ఉండాలి, అంతే. అలుగు శుభ్రంగా, ఏ అడ్డూ లేకుండా ఉంచు. పైనుంచి వరద వస్తే ఎక్కువైన నీళ్ళు అలుగు మీంచే పోవాలి, కట్ట మీంచి పోకూడదు.

నాకు రావాలనే ఉంది. సెలవు దొరకడం లేదు. బకెట్ సంగతీ గ్లాసు సంగతీ ప్రతి ఉత్తరంలో రాయి.

పిచ్చుక


సరస్సు ఒడ్డు,
జూన్ 12.

పిచ్చుకకు,

నీ ఉత్తరం ఆఫీసు నోటీసులా ఉంది. కింద ముద్ర ఒక్కటే తక్కువ.

ఆరడుగులు దించితే ఏమవుతుందో నీకు తెలుసా? మెట్ల దగ్గర బురద తేలుతుంది. పడవలు బురదలో ఈడ్చుకోవాలి. నెలాఖరు దాకా గదులన్నీ మాట ఇచ్చేశాను. ఏడాదిపాటు ఈ ఇంట్లో గిన్నె చప్పుడు కూడా లేదు. ఇప్పుడు పొద్దున్నే పిల్లల కేకలు వినబడుతున్నాయి. వాళ్ళను రావొద్దనడానికి నాకు నోరు రావడం లేదు. నెలాఖరు కానీ, దించుతాను.

కింది వాళ్ళకు ఇంకా చెప్పలేదు. ఏమని చెప్పను? మా ఆయన మీకమ్మిన స్థలం మీద మా కట్ట పడబోతోందనా?

ఇంకో మాట. దాచడం దేనికి. అలుగు మీద రెండు పలకలు బిగించి ఉన్నాయి. నీళ్ళు తగ్గి పడవలు మెట్లకు అందడం లేదని ఏప్రిల్లో నేనే సరంగుతో పెట్టించాను. రెండడుగుల నీళ్ళు ఎక్కువ నిలిచాయి. అప్పుడది తెలివైన పనే అనిపించింది.

బకెట్ ఏడు నిమిషాలకు నిండుతోంది. గ్లాసు తేటగానే ఉంది.

సెలవు దొరకడం లేదన్నావు. మీ అన్నయ్య ఏడాది కార్యానికి కూడా నీకు సెలవు దొరకలేదు. ఈ సరస్సు వైపు రావడానికే నీకు సెలవు దొరకదేమో అని నా అనుమానం.

వదిన


ఇల్లు,
జూన్ 18.

వదినా,

ఇది ఆఫీసు నుంచి రాయడం లేదు.

సెలవు నేను అడగనే లేదు. ఆ పత్రం మీది సంతకం నాది.

మూడేళ్ళ కిందట, నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, అన్నయ్య రమ్మంటే వచ్చాను. ఆ రోజు వాన. నీకు జ్వరం, లోపల గదిలో పడుకున్నావు. వంటింటి బల్ల మీద అన్నయ్య ఫారం పరిచి, "కట్ట ఎక్కడికి పోతుందే, టీ చల్లారిపోతుంది, ముందు ఇది రాసెయ్" అన్నాడు. చెట్లు నాకు కిటికీలోంచి కనబడుతూనే ఉన్నాయి. చెట్లు ఉన్నాయని రాస్తే కొట్టేయమంటారు, అవి తన ప్రాణమన్నాడు. ఇళ్ళు ఉన్నాయని రాస్తే కట్ట ప్రమాదకరమైన జాబితాలోకి ఎక్కుతుంది, ఏటా తనిఖీ, కొత్త తూము, పెద్ద అలుగు, అవన్నీ తన వల్ల కాదన్నాడు. చెప్పి నవ్వాడు. నన్ను చదివించినవాడు వదినా. సంతకం పెట్టేశాను. కట్ట కిందికి ఒక్క అడుగు కూడా దిగలేదు.

ఆ తర్వాత వాన పడినప్పుడల్లా మీ సరస్సే గుర్తొచ్చేది. ఏడాది కార్యానికి రాలేదు, నీ మొహం చూడలేక కాదు, ఆ కట్ట మొహం చూడలేక. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే నిజం రాయాల్సింది. కంగారు పడకు అని రాశాను. అది నీకోసం రాసిన మాట కాదు.

ఈ రోజు మా పెద్ద ఇంజనీరు గది తలుపు తట్టి అంతా చెప్పేశాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ముందు కట్ట సంగతి చూద్దాం, నీ సంగతి తర్వాత" అన్నాడు. మనుషులు రావడానికి పది రోజులు పడుతుందట. వానలు అన్నాళ్ళు ఆగవు. ఈ ఉత్తరం అందిన రోజే పలకలు పీకించు. ఆరిళ్ళకూ నర్సరీకీ నువ్వే స్వయంగా వెళ్ళు. నన్ను తిట్టాలనుంటే తర్వాత తిట్టు.

పిచ్చుక


సరస్సు ఒడ్డు,
జూన్ 22, ఉదయం.

పిచ్చుకా,

బస్సు డ్రైవరుకిచ్చి పంపుతున్నాను, గబగబా రాస్తున్నాను. నిన్న పొద్దుటి నుంచి వాన తెరిపి ఇవ్వలేదు. ఫోను పూర్తిగా పోయింది.

ఆ సంతకం నీదని పత్రం తీసిన రోజే తెలుసు. పదేళ్ళుగా నీ ఉత్తరాలు చదువుతున్నదాన్ని, నీ అక్షరం పోల్చుకోలేనా? నువ్వు చెబుతావేమో అని చూశాను. చెప్పకపోతే నేనూ చెప్పక్కర్లేదు అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఎందుకంటే గ్లాసు తేటగా లేదు. జూన్ మొదటి వారం నుంచే లేదు. అడుగున పాలమీగడ మందాన ఎర్రమట్టి పేరుకుంది. ఆ గ్లాసు కడిగేసి, కుళాయి నీళ్ళు పోసి మళ్ళీ కిటికీలో పెట్టాను. నీకు అబద్ధం రాయకూడదని అలా చేశాను. చూశావా, మనిషి ఎంత తెలివిగా తనను తాను మోసం చేసుకుంటుందో.

గదుల్లో ఉన్నవాళ్ళందరినీ తెల్లవారగానే పంపించేశాను. సరంగు అలుగు దగ్గరున్నాడు. ఒక పలక ఊడింది. రెండోది నీళ్ళ ఒత్తిడికి బిగుసుకుపోయింది, గునపంతో పెకిలిస్తున్నాడు. రెండో మొద్దు పక్కన కట్ట పైన గుంట పడింది. ఏడింటికి పళ్ళెమంత ఉంది. ఇప్పుడు అందులో బకెట్ పడుతుంది.

కిందికి వెళ్తున్నాను.

వదిన


ఇల్లు,
జూన్ 23.

వదినా,

నీ ఉత్తరం డ్రైవరు రాత్రే ఇచ్చాడు. ఈ పొద్దున రేడియోలో విన్నాను. చిన్న సరస్సు కట్ట తెగింది, ఒకరు గల్లంతయ్యారు అన్నారు. ఆడో మగో చెప్పలేదు. వంతెన కొట్టుకుపోయింది, బస్సులు లేవు. ఎవరికి ఫోన్ చేసినా ఎత్తడం లేదు. ఆ ఊళ్ళో నాకు తెలిసిన ఎత్తయిన చోటు బడి ఒక్కటే. అందుకే బడి చిరునామాకు రాస్తున్నాను. అటు వెళ్తున్న వైర్‌లెస్ జీపువాళ్ళు తీసుకెళ్తామన్నారు.

ఒక్క మాట రాయి. ఏమీ రాయలేకపోతే నీ సంతకం పెట్టి పంపు, చాలు.

పిచ్చుక


బడి, ఐదో తరగతి గది,
జూన్ 26.

పిచ్చుకా,

నేను బతికే ఉన్నాను. నీ ఉత్తరం నిన్న అందింది.

ఆ రోజు జరిగింది వరుసగా రాస్తాను. నువ్వు తెలుసుకోవాలి.

మొదటి ఇల్లు దర్జీది. మిషను మీద నుంచి లేవలేదు. "మీరే వేయించిన కట్ట బెంచీల మీద మొన్న సాయంత్రం మేమే కూర్చున్నాం కదండీ" అన్నాడు. నేనతని గుమ్మంలో కూర్చుని, "నువ్వు లేస్తే గానీ నేను లేవను" అన్నాను. నా మొహంలో ఏం కనబడిందో, మిషను మీద గుడ్డ కప్పి పిల్లల్ని పిలిచాడు. ఆ తర్వాత మిగతా ఇళ్ళు తేలికయ్యాయి, అతనే ముందు నడిచి తలుపులు కొట్టాడు. మూడో ఇంట్లో నెల రోజుల పసిబిడ్డ ఉంది. ఆ తల్లిని ఇద్దరం చెరో పక్కనా పట్టుకుని బురదలో నడిపించాం.

నర్సరీ చివరిది. ఆవిడ గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"అయితే మా బావిలోవి మీ చెరువు నీళ్ళా?"

"అవును."

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు మీకు?"

"రెండు వారాల పైనే."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. లోపలికెళ్ళి భర్త చంకకర్రలు తెచ్చి అతని చేతికిచ్చి, నా మొహం చూడకుండా నా పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం రెండు దాటాక అందరం బడి వరండాలో ఉన్నాం. లెక్కపెట్టాను. ఇరవై ఏడుగురు. మళ్ళీ లెక్కపెట్టాను, సరిగ్గా ఇరవై ఏడు. హెడ్మాస్టరు టీ పెట్టించాడు. గ్లాసు పట్టుకుని కూర్చుంటే ఒళ్ళు తేలికైపోయింది. మీ అన్నయ్య పోయాక అంత తేలిగ్గా ఎప్పుడూ లేను. అప్పుడు నర్సరీ ఆవిడ అంది, అప్పుడు కూడా నా వైపు చూడకుండానే, "మీ సరంగు ఏడండీ?" అని.

పిచ్చుకా, పొద్దున అలుగు దగ్గర నుంచి వచ్చేటప్పుడు అతనితో నేనన్న ఆఖరి మాట, "రెండోది ఊడేదాకా కదలకు." అతను తలూపాడు. ఇంటికొచ్చి నీకు ఉత్తరం రాసి కిందికి దిగిపోయాను. ఏడు గడపలు ఎక్కి ఏడు గడపల్లోనూ చెప్పాను, వెళ్ళిపొమ్మని. అతనికి చెప్పలేదు. గుర్తే రాలేదు. ఏడాదిగా నాతో రోజూ మాట్లాడిన మనిషి అతనొక్కడే. అతనొక్కడే గుర్తు రాలేదు.

వరండా చివరికి పరుగెత్తాను. అక్కడి నుంచి కట్ట కనబడుతుంది. పసుపుపచ్చ రెయిన్‌కోటు, గునపం లేస్తోంది, పడుతోంది. అరిచాను. దర్జీ అరిచాడు. పిల్లలందరూ అరిచారు. వానలో మా మాటలు బడి గేటు కూడా దాటలేదు. దర్జీ మెట్లు దిగి పరుగెత్తాడు, సగం దూరం వెళ్ళాడు. రెండో పలక ఊడినట్టుంది, సరంగు నడుము నిటారుగా చేసుకుని మా వైపు తిరిగాడు. చెయ్యి కూడా ఎత్తాడు. పని అయిపోయిందని చెప్పడానికి ఎత్తాడు. అప్పుడే బెంచీల దగ్గర రెండు చెట్లు, నిలువుగా, కూర్చున్నట్టు కిందికి దిగిపోయాయి. పెద్ద చప్పుడేమీ రాలేదు. ఇసుక లారీ దింపినట్టుంది, అంతే. కట్ట నడుమ గండి పడింది, దాని రెండు పక్కలూ ఒరుసుకుంటూ అలుగు దాకా విరిగిపోయాయి. ఆ తర్వాత పసుపు రంగు ఎక్కడా కనబడలేదు.

ఆరిళ్ళలో నాలుగు పునాదులతో సహా లేవు. నర్సరీ ఉన్నచోట రాళ్ళు, చెట్ల మొదళ్ళు, మా బాతు పడవ ఒకటి. సరంగుని మర్నాడు మధ్యాహ్నం రెండు మైళ్ళ దిగువన చూశారు. నేనే వెళ్ళి గుర్తుపట్టాను.

నిన్న మీ ఆఫీసు మనుషులు వచ్చారు. తనిఖీ పత్రం ఉందా అని అడిగారు. కిందికి దిగేటప్పుడు బీరువాలోంచి తీసి రవికలో దోపుకున్నాను, ఎందుకో అప్పుడు నాకే తెలియదు. ఇచ్చేశాను. ముందుగా నిన్ను అడగలేదు. పలకల సంగతీ, గ్లాసు సంగతీ, చివరగా సరంగుతో అన్న మాటా చెప్పి రాయించుకోమన్నాను. రాస్తున్న ఆఫీసరు ఆఖరి మాట దగ్గర కలం ఆపి, "ఇది రాయక్కర్లేదండీ, దీనికి కట్టతో సంబంధం లేదు" అన్నాడు. రాయమన్నాను.

సరంగుకు, వంతెనకు ఇవతలే, టౌన్లో భార్య ఉంది. వారానికోసారి వెళ్ళొచ్చేవాడు. ఆవిడ గురించి నేనెప్పుడూ అడగలేదు. నిన్నటి నుంచి మూడుసార్లు ఆవిడ వీధి మొదటిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. వంతెన దగ్గర తాళ్ళు కట్టి మనుషుల్ని దాటిస్తున్నారట. ఎలాగైనా రా. ఈసారి ఇద్దరం వెళ్దాం. అతను చివరిదాకా ఆ అలుగు దగ్గరే ఎందుకు ఉండిపోయాడని ఆవిడ అడుగుతుంది. జవాబు నేనే చెబుతాను. నువ్వు పక్కన నిలబడు.

వదిన